నాలుగో రోజు పాలు మానేసిన బిడ్డ: ఎస్‌ఎన్‌సీయూ సిస్టర్లకు కొన్ని జాగ్రత్తలు

పాలు తాగని, మత్తుగా పడున్న పసిబిడ్డ అడ్మిట్ అయితే కేస్ షీట్ మీద సెప్సిస్ అని రాసుంటుంది. మనం యాంటీబయాటిక్ చార్ట్ తెరుస్తాం. చాలాసార్లు అది సెప్సిసే. అరుదుగా ఆ బిడ్డల్లో మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్, అంటే ఎంఎస్‌యూడీ ఉన్న బిడ్డ కూడా ఉంటుంది. ఆ జబ్బును యాంటీబయాటిక్ తగ్గించలేదు. గంటలు గడిచేకొద్దీ మెదడు వాస్తుంది. డయాగ్నసిస్ చెప్పేది డాక్టరే. కానీ రాత్రంతా బిడ్డ పక్కన ఉండేది మీరు. మీరు చూసింది డాక్టర్ చెవిన పడకపోతే అనుమానం రావడానికి ఇంకో రోజు పడుతుంది.

లోపల జరిగేది తెలిస్తే ఏం గమనించాలో దానంతటదే తెలుస్తుంది. పాలలోని ప్రోటీన్‌లో లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే ఎమినో ఆసిడ్లు ఉంటాయి. వీటిని అరగదీసే ఎంజైమ్ ఈ బిడ్డల్లో పుట్టుకతోనే పనిచేయదు. కడుపులో ఉన్నన్నాళ్లూ మాయ ఆ పని చూసుకుంటుంది కాబట్టి బిడ్డ మంచి బరువుతో పుడుతుంది, గట్టిగా ఏడుస్తుంది, ఒకటి రెండు రోజులు పాలూ తాగుతుంది. తర్వాత లూసిన్ పేరుకుంటుంది. మెదడుకు ఎక్కువ చేటు దానితోనే. టైరోసిన్, ట్రిప్టోఫాన్ మెదడులోకి వెళ్లే దారీ, లూసిన్ వెళ్లే దారీ ఒకటే. లూసిన్ ఆ దారిని ఆక్రమిస్తే మిగతావి బయటే ఆగిపోతాయి. డోపమైన్, సెరటోనిన్ తయారీకి సరుకు అందదు. లూసిన్ నుంచి పుట్టే కీటో ఆసిడ్ మెదడు కణాలకు శక్తి అందకుండా చేస్తుంది.

ఉదాహరణకు ఇలాంటి కేసు చూడండి. నెలలు నిండిన బిడ్డ, 2.9 కిలోలు, మేనరికం. నాలుగో రోజు రొమ్ము పట్టడం తగ్గింది. ఐదో రోజు రాత్రి కాసేపు ఒళ్లు మెత్తగా వేలాడింది, కాసేపు కొయ్యలా బిగుసుకుని వీపు వెనక్కి వంగింది. కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడాయి. నైట్ డ్యూటీ సిస్టర్ 'ఇరిటబుల్' అని ఒక్క మాట రాసింది. పొద్దున హ్యాండోవర్‌లో అది 'ఫీడ్ సరిగా తీసుకోలేదు'గా మారింది. రౌండ్స్ టైముకు సైకిల్ సంగతి ఎవరి నోటా లేదు. సీఆర్‌పీ నెగటివ్, షుగర్ నార్మల్. యాంటీబయాటిక్ మార్చారంతే. ఇరవై బిడ్డల వార్డులో ఇద్దరే సిస్టర్లుంటే నోట్స్ ఇలాగే కుదించుకుపోతాయి, అది నాకూ తెలుసు. అయినా కదలిక ఎలా ఉంది, ఏ టైముకు మొదలైంది, ఎంతసేపు ఉంది అనే మూడు ముక్కలు రాయండి. అనుమానంగా ఉంటే తెల్లారేదాకా ఆగకండి, అప్పుడే ఫోన్ చేయండి.

యూరిన్ కీటోన్ స్ట్రిప్ పెట్టడానికి ఆర్డర్ అడగండి. పసిబిడ్డ యూరిన్‌లో కీటోన్ గట్టిగా పాజిటివ్ వస్తే అది మామూలు విషయం కాదు. వాసన కూడా ఉంటుంది. మాడిన చక్కెరలా, మెంతుల్లా ఉండే ఆ వాసన చెవి గులిమిలో ముందు తెలుస్తుంది. ఒక జాగ్రత్త: బాలింతకు మెంతులు పెట్టే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. మెంతుల్లోనూ ఆ వాసన పదార్థమే ఉంటుంది. కాబట్టి తల్లి ఏం తిన్నదో అడగండి. వాసన లేదని జబ్బు లేదనుకోవద్దు.

ముందు కాన్పుల సంగతి తల్లిని విడిగా అడగండి. అత్తగారు పక్కనుంటే చాలామంది చెప్పరు. "మొదటి బాబు వారంలోపే ఇన్ఫెక్షన్‌తో పోయాడు మేడం" అన్న మాట వింటే అది కేస్ షీట్ మొదటి పేజీలో ఉండాలి. 1954లో జాన్ మెంకెస్ బృందం ఈ జబ్బును తొలిసారి వివరించింది కూడా ఒకే ఇంట్లో పోయిన నలుగురు బిడ్డలను బట్టే. తల్లిదండ్రులిద్దరిలోనూ జన్యులోపం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మేనరికంలో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఈ మాట తల్లిని తప్పుపట్టేలా చెప్పకండి.

శాంపిల్ రక్తం ఎక్కించక ముందే తీయాలి. మడమ అంచున గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, తర్వాతి పెద్ద చుక్కను కార్డుకు ఒకవైపు నుంచే తాకించండి. ఒకదాని మీద ఒకటి చుక్కలు వేస్తే శాంపిల్ పనికిరాదు. వార్మర్ మీదో ఎండలోనో ఆరబెట్టినా అంతే. రిపోర్ట్ రావడానికి రోజులు పట్టొచ్చు, చికిత్స అంతదాకా ఆగకూడదు.

డాక్టర్ పాలు ఆపమన్నాక అసలు కష్టం మొదలవుతుంది. ఆకలికి ఏడుస్తోందని బంధువులు చెంచాతో పాలు పడతారు. ఎందుకు వద్దో ముందే కూర్చోబెట్టి చెప్పండి. దీనికి రెండో వైపూ ఉంది. రాత్రి రెండింటికి కాన్యులా ఊడి డెక్స్‌ట్రోజ్ ఆగితే బిడ్డ శరీరం తన ప్రోటీన్‌నే కరిగించుకుంటుంది, లూసిన్ మళ్లీ పెరుగుతుంది. ఈ బిడ్డకు లైన్ పోవడం ఎమర్జెన్సీ. వెంటనే కాల్ చేయండి. లూసిన్ లేని ఫార్ములా ఎప్పుడు మొదలుపెట్టాలో, డయాలసిస్ ఉన్న సెంటర్‌కు ఎప్పుడు పంపాలో ప్రతి రౌండ్‌లోనూ అడుగుతూ ఉండండి.

డిశ్చార్జ్ రోజున జబ్బు పేరు, ఫార్ములా కొలత, డాక్టర్ నంబరు రాసిన కాగితం తల్లి చేతికివ్వండి. ఇంట్లో జ్వరమో వాంతులో వచ్చినా ఇదే ప్రమాదం తిరగబెడుతుంది. అప్పుడు ఓపీ క్యూలో నిలబడకుండా ఆ కాగితం చూపించి నేరుగా ఎమర్జెన్సీలోకి వెళ్లమని చెప్పండి.