చెక్ భాష – దాని చరిత్ర, లిపి

ఐరోపా ఖండపు నడుమ చెక్ రిపబ్లిక్ అను చిన్న దేశము కలదు. ప్రేగ్ నగరము దాని రాజధాని. అచటి చెక్ భాషను మాటలాడువారు సుమారు కోటిమంది. అనగా తెలుగువారి సంఖ్యలో ఎనిమిదవ వంతు. అయినను పరభాషా ప్రాంతమున బిడ్డలకు తెలుగు చెప్పించుచున్న మన పోషకులకు ఈ చిన్న భాష చరిత్ర మిక్కిలి ఉపయుక్తమని తలచి, దానిని ఇచట సంగ్రహముగా వివరించుచున్నాము.

భాషా స్వరూపము

చెక్ స్లావు భాషలలో పశ్చిమ శాఖకు చెందినది. స్లోవాక్, పోలిష్ భాషలు దాని తోబుట్టువులు. స్లావు భాషలును సంస్కృతమును ఒకే మహాకుటుంబమునకు చెందినవగుటచే కొన్ని మాటలు మన చెవికి ఎరిగినవిగనే తోచును. రెండునకు వారు 'ద్వ' అందురు. క్రొత్తదానికి 'నొవీ' అందురు. తోడేలును 'వ్ల్క్' అందురు. వృకోదరుడను పేరులోని 'వృక' శబ్దము దీనికి జ్ఞాతి. ఈ మాటలో అచ్చు లేదు. లకారమే అచ్చువలె నిలిచినది. మన వర్ణమాలలో ఋకారము ప్రక్కన ఌకారమును నేర్చుకొందుము గాని తెలుగున దానితో పని పడదు. చెక్ భాషలో అట్టి ధ్వని నిత్యవ్యవహారమున నున్నది.

నామములకు ఏడు విభక్తులు కలవు. సంబోధన వానిలో చేరినదే. మనకువలెనే హ్రస్వదీర్ఘ భేదముచే అర్థము మారును. 'దల్' అనగా ఇచ్చెను. 'దాల్' అనగా ఇంకను దూరముగా.

లిపి కథ

863వ సంవత్సరమున మొరావియా రాజు రాస్తిస్లావ్ కోరికపై సిరిల్, మెథోడియస్ అను సోదరులు బైజాంటియమునుండి వచ్చి, స్లావు భాషకు తగిన క్రొత్త లిపిని ప్రవేశపెట్టిరి. కాలక్రమమున ఆ లిపి మరుగుపడి లాటిన్ లిపి స్థిరపడెను. అయితే చ, ష మొదలగు ధ్వనులకు లాటిన్‌లో అక్షరములు లేవు. కావున రెండు మూడక్షరములను గుదిగ్రుచ్చి వ్రాసెడివారు. ఒక్కొక్క లేఖకునిది ఒక్కొక్క పద్ధతి.

15వ శతాబ్ది ఆరంభమున ఈ చిక్కును విడదీసిన చిన్న గ్రంథమొకటి వెలువడెను. మతసంస్కర్త యాన్ హుస్ దాని కర్తయని ప్రసిద్ధి. అక్షరములను గుదిగ్రుచ్చుటకు మారుగా, అక్షరముపై ఒక చుక్క పెట్టి ధ్వనిభేదమును, ఒక గీత పెట్టి దీర్ఘమును చూపవలెనని అందు చెప్పబడినది. ఆ చుక్కయే పిదప చిన్న కొంకిగా మారినది. దానిని 'హాచెక్' అందురు. 'సి' అక్షరముపై కొంకి యున్న 'చ', 'ఎస్' అక్షరముపై నున్న 'ష' అగును. తలకట్టు, దీర్ఘము ఎరిగిన మన బాలురకు ఇది వింతగా తోచదు. ఈ పద్ధతి నచ్చి క్రొయేషియనులు, స్లోవీనులు, లిథువేనియనులు కూడ కొంకిని స్వీకరించిరి. హుస్ మాత్రము తన మతాభిప్రాయములకై 1415లో సజీవదహనము పాలయ్యెను.

క్షీణదశ

1620లో ప్రేగ్ చెంతనున్న శ్వేతపర్వత యుద్ధమున చెక్ ప్రభువర్గము ఓడిపోయెను. వేలాదిమంది దేశము విడిచిరి. విద్యాచార్యుడని లోకము కొనియాడిన కొమెనియస్ కూడ ప్రవాసముననే 1670లో మరణించెను. 1627లో జర్మను భాషకు చెక్‌తో సమాన ప్రతిపత్తి లభించెను. క్రమముగా కచేరీయు, ఉన్నత విద్యయు జర్మను వశమయ్యెను. పిల్లలు పైకి రావలెనన్నచో జర్మనే శరణ్యమని పట్టణవాసులనేకులు తలచిరి. చెక్ పొలమునను, సంతలోను, వంటయింటను మిగిలెను. దొబ్రోవ్‌స్కీ పండితుడు చెక్ వ్యాకరణమునే 1809లో జర్మనున ప్రకటింపవలసి వచ్చెను.

పునరుజ్జీవనము

అట్టి దశలో యుంగ్‌మన్ అను ఉపాధ్యాయుడు పూనుకొని, 1839 నాటికి ఐదు సంపుటముల చెక్-జర్మను నిఘంటువును ముగించెను. లోపించిన మాటలను పాతగ్రంథములనుండియు, సోదర స్లావు భాషలనుండియు గ్రహించెను. 1882లో ప్రేగ్ విశ్వవిద్యాలయము చెక్, జర్మను శాఖలుగా విభక్తమయ్యెను. నేడు లోకమంతట వాడు 'రోబో' శబ్దము కూడ చెక్ భాష ఇచ్చినదే. కారెల్ చాపెక్ 1920 నాటి నాటకమునుండి వ్యాపించినది. దాని మూలపదమునకు వెట్టిచాకిరి అని అర్థము.

మనము ముఖ్యముగా గమనింపవలసినది వేరొకటి కలదు. జర్మనులు అధికముగా నున్న తావులలో చెక్ పిల్లల బడులకై 1880లో ఒక పాఠశాలా సంఘము ఏర్పడి, ప్రజల చందాలతో బడులు నడిపెను. వియన్నా నగరమున కొమెనియస్ పేర 1872లో చెక్‌వారి సంఘమేర్పడి, 1883లో బడి తెరచిరి. 1942లో నాజీలు దానిని మూసివేసిరి. 1945లో మరల తెరచిరి. అది నేటికిని నడచుచున్నది. అచటి పిల్లలు చెక్, జర్మను రెండును నేర్తురు.

పోషకులకు మనవి

తెలుగు చదివిన ఉద్యోగము వచ్చునా యని పలువురు పోషకులు మమ్ము అడుగుచుందురు. రెండు వందల ఏండ్ల క్రిందట ప్రేగ్ తల్లిదండ్రులు అడిగినదియు ఇట్టిదే. ఈ రాష్ట్రభాషను మన బిడ్డలు చక్కగా నేర్వవలెను. అందుకు మేము లోటు చేయుట లేదు. కాని ఇంటి భాషను విడిచినగాని పరభాష రాదనుట సత్యము కాదు. వియన్నా బడియే అందుకు సాక్షి. బడి అక్షరమును నేర్పగలదు గాని అలవాటును ఇల్లే నేర్పవలెను. రాత్రి భోజనమువేళ తెలుగున మాటలాడుడు. దినమునకొక పుట బిడ్డచే పైకి చదివించి వినుడు. తాతకో అమ్మమ్మకో నెలకొక ఉత్తరము వారి చేతనే వ్రాయింపుడు. చెక్ భాషను రెండు శతాబ్దములు నిలిపినది రాజాజ్ఞ కాదు, వంటయింటి మాట. మన తెలుగునకును ముందుగా కావలసినది అదియే.