నిరంజన: కయ్యూరు కథకుడు

శ్రామికుల పోరాటాన్ని సాహిత్యానికి కేంద్రం చేయాలన్న సోషలిస్టు వాస్తవికత 1934 మాస్కో సోవియట్ రచయితల మహాసభలో అధికారిక విధానమైంది. మన దేశంలో 1936 లక్నో అభ్యుదయ రచయితల సభకు ప్రేమ్‌చంద్ అధ్యక్షత వహించారు. తెలుగులో అరసం (అభ్యుదయ రచయితల సంఘం) 1943లో తెనాలిలో ఏర్పడింది. కన్నడంలో ప్రగతిశీల ఉద్యమానికి అ.న.కృ. నాయకుడు, త.రా.సు., బసవరాజ కట్టీమని, నిరంజన అందులో ముఖ్యులు.

నిరంజన (1924–1992) అసలు పేరు కుళకుంద శివరావు. దక్షిణ కన్నడలో పుట్టి, బెంగళూరులో స్థిరపడ్డారు. భార్య అనుపమా నిరంజన వైద్యురాలు, రచయిత్రి.

ఆయన రచనల్లో తప్పక గుర్తుంచుకోవలసింది ‘చిరస్మరణె’ (1955) నవల. దానికి మూలం కయ్యూరు అనే ఊరి రైతుల పోరాటం. 1941 మార్చిలో కయ్యూరు రైతుల ఊరేగింపుకు ఎదురుపడిన సుబ్బరాయన్ అనే కానిస్టేబుల్ ఏటిలో మునిగి చనిపోయాడు. ఆ కేసులో అప్పు, చిరుకండన్, కుంఞంబు నాయర్, అబూబక్కర్‌లను 1943 మార్చి 29న కణ్ణూరు జైలులో ఉరితీశారు. కృష్ణన్ నాయర్ మైనరు కావడంతో ఉరి తప్పింది. భూస్వాముల దోపిడీని ఎదిరించిన ఈ మామూలు పల్లె మనుషులనే నిరంజన నాయకులను చేశారు. నా దృష్టిలో నవల బలమంతా అక్కడే ఉంది.

ఇక్కడే పరీక్షలు రాసే అభ్యర్థులు తికమకపడతారు: నవల కన్నడం, ఊరు ఇప్పటి కేరళలోని కాసరగోడ్ జిల్లాలోది, ఘటన జరిగినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఇదే ఘటనపై లెనిన్ రాజేంద్రన్ 1986లో తీసిన ‘మీనమాసత్తిలె సూర్యన్’ మలయాళ చిత్రం.

‘మృత్యుంజయ’ నవలకు నేపథ్యం ప్రాచీన ఈజిప్టు. బెంగళూరు నవకర్ణాటక ప్రచురించిన 25 సంపుటాల ‘విశ్వకథాకోశ’కు ప్రధాన సంపాదకుడూ నిరంజనే.