షెడ్డులో తడి: కారిందా, చెమటా, చెమ్మా?



కోలారు, చిక్కబళ్లాపురం, హోసూరు, కృష్ణగిరి వైపు సెప్టెంబరు, అక్టోబరు వానలు గట్టివి. షెడ్డులో తడి కనిపిస్తానే వాటర్‌ప్రూఫ్ పెయింట్ డబ్బా కొంటాము. కానీ తడి మూడు రకాలు. ఏదో తేల్చుకోకుండా పూస్తే డబ్బు పోతాది, తడి మాత్రం ఉంటాది.

1. కారే నీరు: వాన పడేటప్పుడే, ఒకే చోట బొట్టు పడుతుంది. రేకుల కప్పయితే బోల్టు రంధ్రాలు, రేకు మీద రేకు కలిసే చోటు చూడండి. పాత వాషర్లు తీసి తారు వాషరు, దానిపైన ఇనుప వాషరు వేసి బిగించండి. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు, పలక వేసుకొని నడవండి. మిద్దె అయితే ముందు నీళ్లు పోయే తూము శుభ్రం చెయ్యండి. పగులును కాస్త వెడల్పు చేసి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటుతో నింపండి. గట్టిపడినాక 24 గంటలు నీళ్లు కట్టి చూడండి.

2. రేకుల చెమట: వాన లేని తెల్లవారుజామున కూడా రేకు అడుగంతా బొట్లు ఉంటాయి. పురుగుల ఊపిరి, ఆకు తేమ చల్లని రేకుకు తగిలి నీరవుతుంది. దీనికి పెయింట్ పనికిరాదు. కప్పు కింద గాలి సందులు తెరవండి, రేకుల మీద కొబ్బరి మట్టలు కప్పి కట్టండి.

3. గోడ చెమ్మ: ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు తడిస్తే నీరు గోడలోంచి వస్తోంది. షెడ్డు చుట్టూ కాలువ తీసి, చూరు నీళ్లు దూరంగా పోనివ్వండి. మన వైపు తడిస్తే అది గదిలోని తేమ. గాలి ఆడాల.

ఐదో దశ పురుగులకు తేమ 70 శాతం దాటకుండా చూసుకోవాల. తడి, చలి కలిస్తే సున్నపుకట్టు రోగం ఒక పురుగు నుంచి పడకంతా పాకుతాది. చంద్రికల దగ్గర తేమ ఎక్కువైతే గూడు దారం సరిగా విడవదు, మార్కెట్లో రేటు పడిపోతాది. అందుకే జల్లు ఆపాలని కిటికీలకు టార్పాలిన్ బిగించి కట్టొద్దు. చూరు ముందుకు పెంచండి. నీళ్లు ఆగాల, గాలి ఆగకూడదు.

పని వరుస ఇది: పంట దింపినాక మరమ్మతు, బాగా ఆరి వాసన పోయినాక మందు పిచికారీ చేసి షెడ్డు శుద్ధి, ఆ తర్వాతే చాకీ పురుగులు. పురుగులు లోపల ఉండగా తారు కాచొద్దు, పెయింట్ వెయ్యొద్దు. పంట మధ్యలో కారితే కప్పు పైన టార్పాలిన్ వేసి, తడిసిన పడక తీసేసి పంట గడిపించండి.

ఈ వారంలో వాన లేని ఒక తెల్లవారుజామున టార్చి పట్టుకొని రేకుల అడుగు చూడండి. మీది ఏ తడో అక్కడే తెలుస్తాది.