వేగుబండి

మా కొల్లేటి ప్రాంతమున పిల్లలకు బొమ్మలు కొనిపెట్టువారు తక్కువ. పిల్లలే చేసికొనుట యెక్కువ. రెండు తాటికాయలు, వానిని కలుపుటకు ఒక పుల్ల, తోయుటకు ఒక పంగలకర్ర దొరకినచో బండి సిద్ధమగును. జీలుగు బెండును చెక్కినచో పడవ యగును. నేనును అట్టి బండ్లను తోలినవాడనే. అట్టి పడవలను నీట వదలినవాడనే. కాని నేను చేసిన బొమ్మలన్నింటిలో నాకు పాఠము నేర్పినది ఒక వేగుబండి. దానిని నేను రెండుసార్లు చేయవలసివచ్చెను. ఎందుకో వినుడు.

అప్పుడు నేను ఏలూరులో ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. పాఠశాల గ్రంథాలయములోని ఒక పాత సచిత్ర పుస్తకమున ‘ఫెర్రెట్’ అను సైనిక వాహనము నాకు కనబడెను. ఫెర్రెట్ అనగా ముంగిసవలె సన్నని దేహముగల ఒక చిన్న జంతువు. ఐరోపాలో వేటగాండ్రు దానిని కుందేళ్ల బొరియలలోనికి పంపి, లోపల దాగిన కుందేళ్లను వెలికి తోలింతురు. ఆ జంతువు పేరే ఈ బండికి పెట్టిరి. సైన్యము కదలకమునుపే ముందునకు పోయి, శత్రువు ఎక్కడ నున్నాడో, ఎంత బలముతో నున్నాడో, దారిలోని వంతెన నిలిచియున్నదో లేదో చూచివచ్చుట దీని పని. ఇంగ్లండులోని డైమ్లర్ సంస్థ 1952 మొదలు 1971 వరకు ఇట్టి బండ్లను 4,000కు పైగా నిర్మించెను. మన భారత సైన్యమునందును ఇవి పనిచేసినవి. నాలుగు చక్రములు, చుట్టును ఉక్కు కవచము, వెనుకభాగమున ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, లోపల ఇద్దరే మనుష్యులు: తోలువాడొకడు, నాయకుడొకడు.

ఆ బండికి నమూనా చేసి, పాఠశాలలో జరుగబోవు విజ్ఞాన ప్రదర్శనమున ఉంచవలెనని నాకు కోరిక పుట్టెను. అట్టి నమూనాల విడిభాగములను పెట్టెలలో పెట్టి అమ్ముదురని తరువాత వింటిని. ఆనాడు నాకది తెలియదు. తెలిసినను కొనుటకు డబ్బు లేదు.

మొదట కావలసినది కొలత. బండి పొడవు 3.7 మీటర్లు, వెడల్పు 1.91 మీటర్లు, ఎత్తు 1.88 మీటర్లు అని పుస్తకమున నుండెను. ఇరువదింట నొకవంతుగా చేయ నిశ్చయించితిని. అనగా నమూనా పొడవు 18.5 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 9.5, ఎత్తు 9.4. పుస్తకమున లేని కొలతలను ఫొటోనుండియే రాబట్టితిని. ప్రక్కనుండి తిన్నగా తీసిన ఫొటోలో బండి పొడవు 74 మిల్లీమీటర్లు ఉండెను. కనుక ఫొటోలోని 1 మిల్లీమీటరు నిజమైన బండిపై 50 మిల్లీమీటర్లకు సమానము. ఫొటోలో చక్రము వ్యాసము 18 మిల్లీమీటర్లు. నిజమైన చక్రమున 900. నా నమూనాలో 45. లెక్కల తరగతిలో విసుగు పుట్టించిన త్రైరాశికము ఇట్లు నా చేతిలో పనిముట్టైనది. ఏటవాలుగా తీసిన ఫొటోను మాత్రము నమ్మరాదు. అందులో దగ్గరి చక్రము పెద్దదిగాను, దూరపు చక్రము చిన్నదిగాను కనబడును.

వడ్రంగి యొద్దనుండి సెంటీమీటరు మందముగల చెక్కముక్కలు తెచ్చి, కోసి, నున్నగా రుద్ది, మేకులతో బిగించితిని. అట్టబిళ్లలను ఒకదానిపై నొకటి అంటించి చక్రములు చేసి, వానికి పాత సైకిలు ట్యూబు ముక్కలు చుట్టితిని. కిటికీలను నల్లరంగుతో గీసితిని. ముదురాకుపచ్చ రంగు పూసి చూచుకొనగా, నావంటి పనివాడు లేడని నాకు తోచెను.

సంక్రాంతి సెలవులలో ఆ బండిని తీసికొని తాడేపల్లిగూడెములోని మామయ్య యింటికి పోతిని. ఆ ప్రాంతమునకును సైన్యమునకును పాత సంబంధము కలదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున నిర్మించిన విమానముల దారి ఆ ఊరిలో నేటికిని కలదు. తాడేపల్లిగూడెము మండలములోని మాధవరమును జనులు ‘మిలటరీ మాధవరము’ అందురు. మొదటి ప్రపంచయుద్ధము నాటినుండి ఆ గ్రామస్థులు తరతరములుగా సైన్యమున చేరుచున్నారు. ఫెర్రెట్ బండిని తోలిన వృద్ధ సైనికుడొకడు అక్కడ నున్నాడని చెప్పి, మామయ్య నన్ను ఆయన యొద్దకు తీసికొనిపోయెను.

ఆయన నా బండిని అరచేత నుంచుకొని నలువైపుల త్రిప్పి చూచిరి. మెచ్చుకొందురని నేను కాచుకొనియుంటిని.

“చక్రములు బాగున్నవి నాయనా! ముందరి వాలు కూడ బాగున్నది. కాని నేనెక్కడ కూర్చుందును?” అని ఆయన అడిగిరి.

నాకు అర్థము కాలేదు.

“నేను 170 సెంటీమీటర్ల మనిషిని. నీ లెక్కలో ఎంత యుందును?”

“ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, తాతగారూ!”

“అంత మనిషిని చేసి, దీనిలో కూర్చుండబెట్టుము.”

ఆయన మనుమడు తెచ్చిన బెండుముక్కతో అక్కడనే ఒక మనిషిని చెక్కితిని. బండి పైకప్పు తీసి కూర్చుండబెట్టబోగా, వాని మోకాళ్లు చెక్కకు తగిలెను. రెండవవానికి చోటే లేదు.

“నీ గోడ మందమెంత?” అని అడిగిరి.

“ఒక సెంటీమీటరు.”

“నిజమైన బండికి అది ఎంత యగును?”

ఇరువదిచే గుణించితిని. ఇరువది సెంటీమీటర్లు! నిజమైన ఫెర్రెట్ కవచము మిక్కిలి మందమైన చోటనే 16 మిల్లీమీటర్లు. నా ప్రమాణములో అది ఒక మిల్లీమీటరైనను కాదు. వెలుపలి కొలతలన్నింటిని ఇరువదింట భాగించిన నేను, గోడను భాగింప మరచితిని.

మామయ్యకు నాపై జాలి కలిగెను. “పోనిండు! లోపలి సంగతి ఎవరు చూచెదరు?” అనెను.

“లోపలనుండి చూచినవాడను నేను” అని ఆయన మెల్లగా అనిరి. పిమ్మట నావైపు తిరిగి ఇట్లు చెప్పిరి: “వేగుబండి పోరాడుటకు పోదు, చూచుటకు పోవును. కొల్లేటి కొంగను చూచినావు గదా! కదలక మెదలక కన్నులతో పనిచేయును. ఇదియు అంతే. తోలువానికి ఎదుట నొకటి, ఇరుప్రక్కల రెండు కిటికీలుండును. ముప్పు వచ్చినపుడు వానిని మూసికొని, దళసరి గాజు బిగించిన సన్నని సందునుండి చూచెదము. ముందునకు ఐదు గేర్లున్నట్లే, వెనుకకును ఐదు గేర్లుండును. ఎందుకందువు? బండిని త్రిప్పుకొను వ్యవధి లేనపుడు, వచ్చిన దారినే వేగముగా వెనుకకు మరలుటకు. చూచినవాడు తిరిగివచ్చి చెప్పినగదా వెనుకనున్న వందలమందికి మేలు! నీవు కిటికీలను రంగుతో మూసితివి. మనుష్యులకు చోటు లేకుండ చేసితివి. ఇక దీనిలో చూచువాడెవడు? తిరిగి వచ్చువాడెవడు?”

నేను బదులు చెప్పలేకపోతిని. ఏలూరికి మరలునపుడు రైలులో బండిని ఒడిలో పెట్టుకొని కూర్చుంటిని. ప్రదర్శనమునకు తొమ్మిది దినములే యుండెను. ఉన్నదానినే యుంచినచో అడుగువారు లేరు. కాని దానిని చూచినపుడెల్ల, మోకాళ్లు తగిలి నిలిచిపోయిన ఆ బెండు మనిషియే నాకు కనబడుచుండెను.

ఇల్లు చేరగానే మరల మొదలుపెట్టితిని. ఈసారి పాత పుస్తకముల అట్టలను తీసికొంటిని. ఒక్కొక్క గోడను మొదట కాగితముపై గీసి, కత్తిరించి, సరిపోయినదని తెలిసిన పిమ్మటనే అట్టను కోసితిని. తుమ్మబంక తడికి అట్ట వంకరపోయెను. రెండు ముక్కలు పాడైన తరువాత, అంటించినవానిని ఇటుకల బరువు క్రింద రాత్రియంతయు ఆరనిచ్చుట నేర్చుకొంటిని. గోడలు లోనికి క్రుంగకుండ సన్నని అట్టపట్టీలను అడ్డముగా నిలిపితిని. మూడు కిటికీలను కోసి, గుడ్డపేలికలను బందులుగా అంటించి, తెరచి మూయుటకు వీలు కల్పించితిని. పాతబండి చక్రములనే దీనికి తగిలించితిని. కట్టకడపట ఇద్దరు బెండు మనుష్యులను లోపల కూర్చుండబెట్టితిని. ఇద్దరికిని చోటు చాలెను.

ప్రదర్శనము నాటికి ఒక ప్రక్క రంగు పూయుటకు కాలము చాలలేదు. బహుమతి వేరొక బాలుని మెరయు నమూనాకు వచ్చెను. అయినను సాయంకాలము, పింఛను పనిమీద ఏలూరు వచ్చిన ఆ వృద్ధ సైనికుడు మా పాఠశాలకు వచ్చిరి. బల్లముందు వంగి, చిన్న కిటికీ తెరచి, చాలసేపు లోపలికి చూచిరి. తరువాత నా భుజముపై చేయివేసి, “ఇప్పుడు వీరు తిరిగి రాగలరు” అనిరి.

వస్తువును చిన్నదిగా చేసినంతమాత్రమున నమూనా కాదు. ఆ వస్తువు ఏ పనికొరకు పుట్టినదో, అందులో ఎవరు ఎట్లు మెలగుదురో తెలిసికొని చేసినదే నమూనా. మొదటి చెక్కబండి చక్రములు లేకయే నేటికిని నా బల్లపై నున్నది. కాగితములు ఎగిరిపోకుండ దానిని బరువుగా వాడుచున్నాను.

ప్రశ్నలు

1. వేగుబండి చేయు పని యేమి? దానికి వెనుకకు ఐదు గేర్లు ఎందుకు కావలెను?
2. “లోపలనుండి చూచినవాడను నేను.” ఈ మాట ఎవరు, ఏ సందర్భమున అనిరి? దాని భావమేమి?
3. ఒక తాటిదోనె పొడవు 5 మీటర్లు. గోడ మందము 4 సెంటీమీటర్లు. దానికి ఇరువదింట నొకవంతు నమూనా చేసినచో పొడవెంత? గోడ మందమెంత?
4. మీ ఇంటిలోని ఒక వస్తువును కొలిచి, ప్రమాణము ప్రకారము దాని నమూనాను అట్టతో చేయుడు.