బోదకాలు: దోమకు ఆ పురుగును ఇచ్చేది ఎవరు?

ఈ నెల ఆరోగ్య పాఠం కీటకాలు మోసుకొచ్చే పరాన్నజీవుల గురించి. మరొక ప్రాణి ఒంట్లో చేరి, దాని మీదే ఆధారపడి బతికే జీవిని పరాన్నజీవి అంటాము. మనుషులకు మలేరియా, బోదకాలు, పశువులకు సర్రా జబ్బు ఇలా కీటకాల ద్వారానే వస్తాయి. వీటిలో మన కోస్తా జిల్లాలలోను, తెలంగాణలో నల్గొండ, కరీంనగర్ వంటి ప్రాంతాలలోను తరతరాలుగా ఉన్న బోదకాలు గురించి ఈసారి వివరంగా తెలుసుకుందాం.

మా ప్రాంతంలో ఏటేటా ఇంటింటికీ బోదకాలు మాత్రలు పంచుతున్న రోజుల్లో ఒక తల్లి మా ఆసుపత్రికి వచ్చింది. ఎడమ కాలు మోకాలి దాకా వాచి ఉంది. వేళ్ళ సందుల్లో పుండు, ఒంటి మీద చలిజ్వరం. వెంట పెళ్ళీడుకొచ్చిన కూతురు ఉంది. మేము కాలు కడుగుతుంటే ఆమె, "సిస్టరమ్మా, నా మాత్రలు నేను మింగాను. పిల్లకి జబ్బు లేదు కదా, దానికెందుకని దాని మాత్రలు బియ్యం డబ్బాలో పెట్టేశాను" అన్నది. కూతురు తల వంచుకుని, "వీధిలో అందరి ముందు మింగితే నాకూ ఈ జబ్బు ఉందనుకుంటారండి. సంబంధాలు రావు" అన్నది.

ఇద్దరిదీ పొరపాటే. కాని అలా అనుకునేవారు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. అది ఎందుకు పొరపాటో అర్థం కావాలంటే ముందు ఆ పురుగు ప్రయాణం తెలియాలి.

పురుగు ప్రయాణం

బోదకాలుకు కారణం ఉచెరేరియా బాంక్రాఫ్టై అనే దారం వంటి సన్నని పురుగు. పెద్ద పురుగులు మన శోషరస నాళాలలో ఉంటాయి. ఒంట్లోని నీటిని తిరిగి రక్తంలో చేర్చే సన్నని గొట్టాలే ఈ శోషరస నాళాలు. పెద్ద పురుగులు అక్కడ 6 నుంచి 8 ఏళ్ళ వరకు బతికి లక్షలాది పిల్ల పురుగులను కంటాయి. పిల్ల పురుగులు రక్తంలోకి చేరతాయి. వాటిని మైక్రోఫైలేరియా అంటారు.

ఈ పిల్ల పురుగులు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాలలో దాగి, రాత్రి పొద్దుపోయాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. వీటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా రాత్రి పూటే. అందుకే మేము నర్సింగ్ శిక్షణలో ఉన్నప్పుడు రక్తం చుక్క తీయడానికి లాంతరు పట్టుకుని రాత్రి వేళ ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళం. పగలు తీస్తే పురుగు కనబడదు.

దోమ తాగిన రక్తంతో పాటు పిల్ల పురుగులు దాని ఒంట్లోకి పోతాయి. అక్కడ సుమారు రెండు వారాలు ఎదిగి, ఆ తరువాతే మరొకరికి అంటుకునే దశకు వస్తాయి. ఆ దోమ మళ్ళీ కుట్టినప్పుడు చర్మం మీద పడి, కుట్టిన రంధ్రం గుండా లోపలికి పోతాయి. దోమ ఒంట్లో ఈ పురుగు పెరగడాన్ని 1877లో చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు గమనించారు. ఆయన ప్రోత్సాహంతోనే రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు.

జోరీగ వేరు, దోమ వేరు

పశువులున్న ఇళ్ళవారికి జోరీగ తెలుసు. వానాకాలంలో గేదెలను, ఎడ్లను, గుర్రాలను పట్టి పీడిస్తుంది. సర్రా ఉన్న పశువు మీద రక్తం తాగుతుండగా అది తోకతో విదిలిస్తే, జోరీగ ఎగిరి పక్క పశువు మీద వాలుతుంది. మూతికి అంటిన రక్తంతోనే జబ్బు అంటించేస్తుంది. అక్కడ పరాన్నజీవి కీటకం ఒంట్లో పెరగవలసిన పనిలేదు. పశువుకు విడిచి విడిచి జ్వరం వచ్చి, చిక్కిపోయి, గుండ్రంగా తిరుగుతుంటే ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరుకు చూపించండి. ఈ జబ్బు మనుషులకు రావడం చాలా అరుదు.

బోదకాలు సంగతి అలా కాదు. దోమ కుట్టిన నాడే జబ్బు రాదు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఎన్నోసార్లు కుడితేనే పురుగులు లోపల స్థిరపడతాయి. పైగా ఈ పురుగు పశువులలో ఉండదు. మనిషి ఒంట్లో, దోమ ఒంట్లో మాత్రమే ఉంటుంది. దోమ పుట్టుకతో దీన్ని తెచ్చుకోదు. మనిషి దగ్గరే తీసుకుంటుంది.

ఏ మనిషి దగ్గర?

కాలు వాచిన వారి దగ్గర అని అందరూ అనుకుంటారు. నిజానికి కాలు బాగా వాచిన వారిలో చాలామంది రక్తంలో పిల్ల పురుగులు కనబడవు. రక్తంలో పురుగులున్న వారిలో ఎక్కువమంది పైకి ఆరోగ్యంగానే కనబడతారు. నొప్పి ఉండదు, వాపు ఉండదు. పొలానికి వెళతారు, బడికి వెళతారు. రాత్రి వారిని కుట్టిన దోమ ఆ వాడంతటికీ పురుగును పంచుతుంది.

కాబట్టి కాలు వాచిన వారిని చూసి దూరంగా జరగడం తప్పు. ముట్టుకుంటే, కలిసి భోంచేస్తే, పక్కన పడుకుంటే ఇది అంటదు. తల్లికి ఉంటే పిల్లకు వంశపారంపర్యంగా వచ్చే జబ్బూ కాదు. ఒకే ఇంట్లో ఇద్దరికి వస్తే, ఇద్దరినీ అవే దోమలు కుట్టడం వల్లనే.

మాత్రలు ఎవరు మింగాలి?

మీ ప్రాంతంలో సామూహికంగా మాత్రలు పంచుతుంటే జబ్బు ఉన్నా లేకపోయినా అందరూ మింగాలి. డి.ఇ.సి., ఆల్బెండజోల్ అనే రెండు మందులు ఇస్తారు. 2018 నుంచి మన దేశంలో కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టిన్ అనే మూడో మందును కూడా కలిపారు. వయసును, ఎత్తును బట్టి ఎన్ని మాత్రలో ఆరోగ్య కార్యకర్త చెబుతారు.

1. ఏదైనా తిన్న తరువాత, కార్యకర్త ఎదుటే మింగండి. ఆల్బెండజోల్ నమలాలి. "తరువాత వేసుకుంటాం" అని తీసుకున్న మాత్రలు చాలా ఇళ్ళలో డబ్బాలోనే ఉండిపోతాయి.
2. రెండేళ్ళ లోపు పిల్లలు, గర్భిణీలు, తీవ్రమైన జబ్బుతో మంచం పట్టినవారు వేసుకోకూడదు.
3. కొందరికి కొద్దిగా జ్వరం, తలనొప్పి, వికారం రావచ్చు. రక్తంలోని పురుగులు చస్తున్నందువల్ల అలా అవుతుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఎక్కువగా ఉంటే ఆసుపత్రికి రండి.
4. ఈ మందులు పిల్ల పురుగులను బాగా చంపుతాయి గాని పెద్ద పురుగులన్నిటినీ ఒక్కసారే చంపలేవు. అందుకే ఇచ్చినన్ని ఏళ్ళూ మానకుండా మింగాలి.

పంపిణీ ఆగిపోయిన ఊళ్ళలో రాత్రి రక్త పరీక్షకు వచ్చినవారికి సహకరించండి. పరీక్షలో పురుగు కనబడితే డాక్టరు 12 రోజుల డి.ఇ.సి. చికిత్స ఇస్తారు.

వాచిన కాలికి రోజూ చేయవలసినవి

వాచిన కాలి చర్మంలో పగుళ్ళు, వేళ్ళ సందుల్లో ఒరుపులు ఉంటాయి. వాటి గుండా క్రిములు ప్రవేశించి చలిజ్వరం తెస్తాయి. అలా జ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు మరికొంత పెరుగుతుంది. కాబట్టి రోజూ కాలిని సబ్బుతో, మామూలు నీళ్ళతో మెల్లగా కడగండి. వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తని గుడ్డతో అద్దండి. ఒరుపులుంటే డాక్టరు ఇచ్చిన మందు రాయండి. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలి కింద దిండు పెట్టి ఎత్తులో ఉంచండి. మడమను పైకి, కిందికి ఆడించండి. వదులు చెప్పులు వేసుకోండి. జ్వరం వచ్చినప్పుడు వేడి కాపడం, మర్దన, ఆకు పసర్లు వద్దు. చల్లని నీళ్ళ గుడ్డ వేసి ఆసుపత్రికి రండి. మగవారు వరిబీజాన్ని సిగ్గుతో దాచుకోవద్దు. దానికి ఆపరేషన్ ఉంది.

దోమ పుట్టకుండా

క్యూలెక్స్ దోమ మురుగునీటిలో గుడ్లు పెడుతుంది. ఇంటి ముందు కాలువలో చెత్త వేయకండి, నీరు నిలవనీయకండి. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి సన్నని వల గుడ్డ కట్టండి. ట్యాంకు మూతకు సందులుంటే సిమెంటుతో మూయించండి. రాత్రి దోమతెరలో పడుకోండి, పిల్లలను తప్పక పడుకోబెట్టండి.

ఆ తల్లి వెళ్ళేముందు, "నా కాలు మునుపటిలా అవుతుందా సిస్టరమ్మా?" అని అడిగింది. పూర్తిగా అవుతుందని మేము చెప్పలేకపోయాము. పాడైన శోషరస నాళాలను ఏ మాత్రా బాగుచేయలేదు. "రోజూ కడుక్కుంటే జ్వరాలు తగ్గుతాయమ్మా, వాపు పెరగకుండా ఆగుతుంది. నీ పిల్ల కాలు మాత్రం ఇలా కాకుండా చూసుకోవడం నీ చేతిలో ఉంది" అన్నాము. మరుసటి వారం డ్రెస్సింగుకు వచ్చినప్పుడు కూతురే తల్లి కాలు కడిగి, ఎలా ఆరబెట్టాలో మాకు చేసి చూపించింది. బియ్యం డబ్బాలోని మాత్రలు ఏమయ్యాయని అడిగితే, భోజనం చేసి కార్యకర్త ఎదుటే మింగానని చెప్పింది.

ఇంట్లో అందరూ కలిసి జవాబు చెప్పుకోండి

1. బోదకాలు దోమకు పురుగు ఎక్కడ నుంచి వస్తుంది?
2. రక్త పరీక్ష రాత్రే ఎందుకు చేయాలి?
3. జబ్బు లేనివారు కూడా మాత్రలు ఎందుకు మింగాలి?
4. మన ఇంటి చుట్టూ మురుగు నిలిచే చోట్లు ఎన్ని ఉన్నాయి? వాటిలో ఈ వారం ఏది బాగుచేయగలం?