ముందు మీటరు డబ్బా, తర్వాతే షోరూం

హైదరాబాద్ పాతబస్తీలో కరెంటు కారు కొనే పని ఇంటి మీటరు దగ్గర మొదలవుతుంది. మైలేజీ, రంగు, టచ్‌స్క్రీన్ సంగతులు షోరూంలో కుర్రాడు గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. మొగల్‌పురాలోనో యాకుత్‌పురాలోనో మీ ఇల్లు ఏ గల్లీలో ఉంది, బండి రాత్రంతా ఎక్కడ నిలబడుతుంది, అక్కడిదాకా వైరు ఎట్లా వస్తుంది అని మాత్రం అడగడు. అవి తేలాకే అడ్వాన్సు మాట.

జాగాతో మొదలుపెడదాం. కారుతో వచ్చే ఛార్జింగ్ కేబుల్ మామూలుగా ఐదారు మీటర్లకు మించదు. గేటు లోపల బండి పట్టేంత ఖాళీ ఉన్నవాళ్లకు దిగుల్లేదు. గల్లీలో నిలిపేవాళ్లు పై అంతస్తు నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు వేలాడదీసి పని కానిద్దామనుకుంటారు. వద్దు. ఆ వైరు మీదుగా స్కూటర్లు పోతాయి, వాన కురుస్తుంది, జాయింటు దగ్గర గంటల తరబడి వేడెక్కుతుంది. సొంత జాగా లేకపోతే దుకాణం దగ్గరో గోదాములోనో రాత్రిపూట బండి పెట్టుకునే ఏర్పాటు మాట్లాడుకోవాలి. అదీ కుదరకపోతే పెట్రోలు కారునే ఇంకొన్నాళ్లు నడుపుకోండి. పబ్లిక్ ఛార్జర్‌నే నమ్ముకుంటే యూనిట్ ధర పెరుగుతుంది, పైన 18 శాతం జీఎస్టీ పడుతుంది, వంతు కోసం కాచుకోవడం ఎటూ తప్పదు. గల్లీ మలుపు కూడా టేపుతో కొలుచుకోండి. ఎంజీ కామెట్ పొడవు 3 మీటర్ల లోపే, టియాగో ఈవీ 3.77 మీటర్లు. మలుపులో ఆ తేడా బాగానే తెలుస్తుంది.

ఇప్పుడు కరెంటు బిల్లు తీసి కాంట్రాక్టెడ్ లోడు ఎంతుందో చూడండి. 15 ఆంపుల ప్లగ్గుతో ఎక్కే చిన్న కారు రాత్రి ఆరేడు గంటలపాటు 3 కిలోవాట్ల దాకా లాగుతుంది. అదే వేళకు రెండు ఏసీలు కూడా తిరుగుతుంటాయి. బిల్లు మీద 2 కిలోవాట్లే ఉంటే అదనపు లోడుకు కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టి, డెవలప్‌మెంట్ ఛార్జీలు, డిపాజిటు కట్టాలి. ఇంట్లో కారు ఛార్జి చేసుకోవడానికి వేరే లైసెన్సు అక్కర్లేదు. ఉన్న కనెక్షన్‌తోనే చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అసలు చిక్కంతా వైరింగ్‌లోనే. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గరి పాత భవనంలో అగ్నిప్రమాదం జరిగి 17 మంది చనిపోయారు. షార్ట్ సర్క్యూటే కారణమని అగ్నిమాపక శాఖ ప్రాథమికంగా చెప్పింది. అన్నదమ్ములు పంచుకున్నకొద్దీ గది మీద గది లేచి, పాత లైనుకే కొత్త పాయలు అతుక్కుంటూ వచ్చిన ఇళ్లు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. అలాంటి లైను మీద రాత్రంతా నడిచే లోడు పెట్టకూడదు. మీటరు నుంచి కారు నిలిపే చోటికి, మధ్యలో ఒక్క జాయింటు లేకుండా, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు విడిగా లాగించండి. దానికి 20 ఆంపుల ఎంసీబీ, 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ. ఈ ఖర్చులో బేరం ఆడకండి.

తర్వాత ఎర్త్. ఎలక్ట్రీషియన్ బల్బు హోల్డరుకు రెండు వైర్లు బిగించిన టెస్ట్ ల్యాంపు తెస్తాడు. ఒక కొసను సాకెట్లో ఫేజుకు, రెండోదాన్ని పైనున్న పెద్ద రంధ్రానికి ఆనిస్తాడు. బల్బు నిండుగా వెలిగితే ఎర్త్ ఉన్నట్టు. ఎర్రగా మిణుకుమంటే పేరుకే ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఆ రంధ్రం వెనక వైరే లేదని అనుమానించాలి. (ఇది అతని పని, మీరు చేతులు పెట్టకండి.) ఎర్త్ రాడ్ ఎక్కడ పాతారని అడిగితే ఇంట్లో పెద్దవాళ్లకూ గుర్తుండదు, పాతిన చోట ఎప్పుడో టైల్స్ పరిచేసి ఉంటారు. కారు ఛార్జరు మాత్రం దీని దగ్గర మొండిది. కరెంటు తీసుకునే ముందు ఎర్త్ ఉందో లేదో చూసుకుంటుంది, లేకపోతే ఎర్ర లైటు వేసి కూర్చుంటుంది. సరిగ్గా అప్పుడే కొందరు మిస్త్రీలు ఒక ఉపాయం చెబుతారు: "న్యూట్రల్‌నే ఎర్త్‌కు కలిపేస్తా భాయ్, గ్రీన్ లైటు వచ్చేస్తది." వస్తుంది కూడా. కానీ ఏదో ఒకరోజు ఆ న్యూట్రల్ తెగితే ఫేజు కారు బాడీకి ఎక్కుతుంది. ఒప్పుకోవద్దు. కొత్తగా గుంత తవ్వించి ఎర్తింగ్ చేయించండి.

సాకెట్టు నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తులో పెట్టించండి. మొదటిరోజు అరగంట ఛార్జింగ్ అయ్యాక స్విచ్చి కట్టేసి ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనలేనంత కాలితే లోపల స్క్రూ వదులుగా ఉన్నట్టే.

ఇక లెక్కలు. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కారు అనుకుందాం. మదీనా చౌరస్తా, షాలీబండ ట్రాఫిక్‌లో పెట్రోలు కారు లీటరుకు 15 ఇస్తే గొప్ప. లీటరు 107 రూపాయల చొప్పున నెలకు దాదాపు 7,130. చిన్న కరెంటు కారు యూనిట్‌కు 7 కిలోమీటర్లు పోయినా 143 యూనిట్లు చాలు. ఇల్లు ఇప్పటికే 350 యూనిట్లు కాలుస్తుంటే, గృహ స్లాబుల్లో ఈ యూనిట్లకు పెరిగేది సుమారు 1,330 రూపాయలు. నెలకు 5,800 మిగులు.

నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం కింద ఉన్న ఇళ్ల లెక్క వేరు. క్యాబ్ నడుపుకునే కుటుంబం నెలకు 180 యూనిట్లు వాడి జీరో బిల్లు అందుకుంటోందనుకోండి. కారు యూనిట్లు కలిస్తే 200 దాటుతుంది, దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే. 323 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీలే 2,000 దాకా. క్యాబ్ బాగా తిరిగితే అప్పటికీ లాభమే. నెలకు 200 కిలోమీటర్లు తిరిగే సొంత కారైతే 29 యూనిట్ల కోసం 1,090 రూపాయల బిల్లు నెత్తిన పడుతుంది. పెట్రోలుకు అయ్యేదే 1,430. ఈ మాత్రం దానికి కారు మార్చడం దండగ. ఈవీ ఛార్జింగ్‌కు టారిఫ్‌లో ప్రత్యేక కేటగిరీ ఉంది కాబట్టి, విడి మీటరు వస్తుందేమో కరెంటు ఆఫీసులో సెక్షన్ ఏఈని ముందే అడగండి. ఇంటి యూనిట్లలో కారు యూనిట్లు కలవకుండా చూసుకోవడమే ఇక్కడ కీలకం.

శుక్రవారాలకూ పెళ్లిళ్లకూ మాత్రమే గేటు దాటే కార్లు ఈ బస్తీలో బోలెడు. వాటి యజమానులు ఎవరేం చెప్పినా తొందరపడక్కర్లేదు.

ధరలో ప్రభుత్వం వదులుకున్నది తక్కువేమీ కాదు. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. 6 లక్షల పెట్రోలు కారుకు 14 శాతం చొప్పున 84 వేలు పన్ను కడతాం. 8 లక్షల ఈవీకి సున్నా. పైకి 2 లక్షలు కనిపించే తేడా 1,16,000కు దిగుతుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాడికి రెండేళ్లలోపే తీరిపోతుంది.

ఊరి ప్రయాణాల సంగతీ ఇంట్లో ముందే తేల్చుకోవాలి. జహంగీర్ పీర్ దర్గాకు పోయి రావడానికి చిన్న బ్యాటరీ చాలు. గుల్బర్గాలో బందేనవాజ్ దర్గా అంటే 200 కిలోమీటర్లు దాటుతుంది, దారిలో ఒకసారి ఆగి ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టాల్సిందే. కామెట్‌కు డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ సౌకర్యం లేదు. ఆ దారి పట్టే కుటుంబానికి అది సరిపడదు.

చివరగా వరద. 2020 అక్టోబరులో గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది, ఫలక్‌నుమా వైపు అల్ జుబైల్ కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉంది. బ్యాటరీ పెట్టెకు ఉండే ఐపీ67 రక్షణ అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. అంతే, అంతకు మించి హామీ లేదు. పల్లపు కాలనీల్లో గట్టి వాన మొదలవగానే ప్లగ్గు తీసి బండిని మెరకకు చేర్చండి. మునిగిన కారును స్టార్ట్ చేయొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, తాడు కట్టి ఈడ్పించొద్దు. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది కనుక, నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా లారీ మీదికెక్కించి సర్వీసు సెంటరుకు పంపించాలి.