వనజ: ఒంటరితనమును గూర్చియు స్నేహమును గూర్చియు ఒక పాఠము

ఈడును సంపదయు సమానముగా నున్నవారి నడుమనే స్నేహము కుదురునని పలువురు తలంతురు. ఈ తలంపు ఎంతవరకు నిజమో విచారించుటకై మేము ఒక చలనచిత్రమును పాఠ్యవస్తువుగా గైకొంటిమి. దాని పేరు ‘వనజ’. ఇది తెలుగు చిత్రమే యైనను దీని పేరు వినిన తెలుగువారు మిక్కిలి తక్కువ. దూరదేశములవారు మెచ్చిన దానిని మనవారు గమనింపకపోవుట విచారకరము.

చిత్రము పుట్టిన విధము: దీని దర్శకుడు రజనీష్ దోమలపల్లి. ఈయన మొదట బొంబాయి ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు విద్య నభ్యసించి, పిమ్మట అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున చలనచిత్రకళను నేర్చెను. అచ్చటి పట్టమునకై సమర్పించిన కృతియే ఈ చిత్రము. పేరుపొందిన నటులు ఇందులో లేరు. మున్నెన్నడును నటింపని సామాన్యజనులనే ఎన్నుకొని, వారికి చాలకాలము శిక్షణ యిచ్చిరి. నాయిక పాత్రను ధరించిన మమతా భూక్యా యను బాలిక ఈ చిత్రముకొరకే ఒక సంవత్సరము కూచిపూడి నాట్యమును అభ్యసించెను. 2006వ సంవత్సరమున టొరాంటో చలనచిత్రోత్సవమున ఇది ప్రదర్శింపబడెను. 2007లో బెర్లిన్ ఉత్సవమునందు ఉత్తమ ప్రథమచిత్రమునకిచ్చు బహుమానమును పొందెను. అమెరికా దేశపు సుప్రసిద్ధ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఆ సంవత్సరపు మేలైన విదేశీచిత్రములలో దీనిని చేర్చెను.

కథాసంగ్రహము: వనజ బీదజాలరి కూతురు. తండ్రి సోమయ్యకు వలలో చేపలు తగ్గినవి, అప్పులు పెరిగినవి, త్రాగుడు అలవడినది. గొప్ప నర్తకివి కాగలవని ఒకరు సోదె చెప్పగా, ఆ మాటను మనసున నిలుపుకొని వనజ రమాదేవి యను జమీందారిణి యింట పనికి కుదురును. రమాదేవి ఒకప్పుడు నాట్యమున పేరుగన్నది. కోళ్లను కాచుటతో మొదలైన పని కొలది దినములలో వంటయింటి పనియగును.

ఈ యిద్దరిలో ఒంటరివారెవరు? పైకి చూచిన బాలికయే. ఆమెకు ధనము లేదు. కాని మరల ఆలోచింపుడు. రమాదేవికి పెద్దలోగిలి కలదు, సేవకులు కలరు. కుమారుడు మాత్రము అమెరికాలో నుండెను. ఆమె ఆజ్ఞకు తలవంచువారే గాని సరిగా మాటకు మాట చెప్పువారు ఆ యింట లేరు. ఆమె నేర్చిన విద్యను అందుకొనువారును లేరు. కావున బీదరికము ఒక విధమైన ఒంటరితనమును తెచ్చినట్లే, పెద్దరికము మరియొక విధమైన దానిని తెచ్చునని మనము గ్రహింపవలెను.

వీరిని కలిపినది అష్టా చెమ్మా. మన అరుగులమీద గవ్వలతో ఆడు ఆటయే యిది. నాలుగు గవ్వలు వెల్లకిల పడిన చెమ్మ, బోర్ల పడిన అష్ట. గవ్వలకు దొర యెవరో దాసి యెవరో తెలియదు. ఆటలో కూర్చుండినంతసేపు ఇద్దరును సమానులే. యజమానురాలికి ఓటమి గిట్టదని యెరిగిన వనజ కావలెననియే ఓడిపోవును. ఆ పిల్ల తెలివి క్రమముగా రమాదేవి మనసును గెలుచును. మొదట సంగీతము, తరువాత నాట్యము నేర్పుటకు ఆమె సమ్మతించును. నేర్పువారికి ప్రాణము లేచివచ్చును. నేర్చువారికి దారి తెరచుకొనును. గురుశిష్యసంబంధము స్నేహముగా మారుట ఇట్లే.

కాని కథ ఇచ్చటితో ముగియదు. రమాదేవి కుమారుడు శేఖరుడు ఇంటికి తిరిగివచ్చి ఎన్నికలలో నిలుచును. వానివలన ఆ బాలికకు ఘోరమైన అన్యాయము జరుగును. (ఈ కారణముచేత పిల్లలు ఈ చిత్రమును పెద్దలతోగాక ఒంటరిగా చూడరాదు.) అప్పుడు స్నేహమునకు నిజమైన పరీక్ష వచ్చును. రమాదేవికి వనజయెడల వాత్సల్యము కలదు. ఐనను కుమారుని పక్షమును, వంశగౌరవమును ఆమె విడువజాలదు. ఆటపలకమీద నిలిచిన సమానత్వము న్యాయము నడుగునప్పుడు నిలువలేదు. రమాదేవి దుష్టురాలు కాదు. ఆ సంగతియే మనలను మిక్కిలి కలవరపెట్టవలసినది. మంచిమనసు గలవారు సైతము తమవారి తప్పిదము నెదుట మౌనము వహించినచో, వారి దయ బలహీనులకు రక్ష కాజాలదు.

విద్యార్థులారా, ఇందుండి ఒక ముఖ్యవిషయము మనసున నుంచుకొనుడు. ఎంతటి గొప్పయింటివారైనను మీయెడల అనుచితముగా ప్రవర్తించిన యెడల, తప్పు మీది కాదు. వెంటనే తల్లిదండ్రులతోనో ఉపాధ్యాయులతోనో చెప్పవలెను. 1098 అను టెలిఫోను సంఖ్య పిల్లల సహాయార్థమే యున్నది. 18 సంవత్సరములు నిండని వారిని కాపాడుటకు 2012లో పోక్సో యను చట్టము చేయబడినది. తల్లిదండ్రులారా, బిడ్డ చెప్పిన మాటను మొదట వినుడు. పరువును గూర్చిన ఆలోచన తరువాత.

ఇక మన గ్రామమువైపు చూతము. వృద్ధగౌతమి యొడ్డున నున్న ఈ మురమళ్ళ చుట్టుపట్ల వలతో జీవించు కుటుంబములును, పెద్దలోగిళ్లును ప్రక్కప్రక్కనే యున్నవి. కోనసీమనుండి అనేకులు గల్ఫు దేశములకు పనికై పోయిరి. మరికొందరు హైదరాబాదునకును అమెరికాకును వెళ్లిరి. పిల్లలను విడిచిన తల్లులు అక్కడ, తల్లులను విడిచిన పిల్లలు ఇక్కడ. అరుగుమీద ఒంటరిగా కూర్చుండిన మామ్మలు, తాతలు వీధివీధిని కలరు. వారిలో ఒకరికి పాట తెలియును, ఒకరికి వల అల్లుట తెలియును, ఒకరికి పాతకథలు తెలియును. మీలో ఒక్కొక్కరు అట్టివారిలో ఒకరి యొద్ద వారమున ఒక్క గంట కూర్చుండి ఏదైన నేర్చుకొనుడు. మీరు నేర్చిన చదువులో కొంత వారికి నేర్పుడు. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు రెండువైపుల నున్నప్పుడే అది జాలి గాక స్నేహమగును.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. వనజ కావలెననియే ఓడిపోవుట కపటమా, వివేకమా? కారణములు చెప్పుడు.

2. రమాదేవి ఏ సమయమున ఏమి చేసియుండిన నిజమైన స్నేహితురాలై యుండెడిది?

3. మీ వీధిలో మాటాడు తోడులేని వారెవరు? వారికి తెలిసినదియు మీకు తెలియనిదియు ఏది?

మూడవ ప్రశ్నకు జవాబు పుస్తకములో దొరకదు. దానిని అడిగి తెలిసికొనవలెను.